మూడో అంతస్తులో ఆగిన లిఫ్టు

నా పిచ్చుకకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. మోకాలు ఒక్కటే సణుగుతోంది, దాని గోల నాకు అలవాటే. నువ్వూ కోడలూ క్షేమమని తలుస్తాను. పిచ్చుక అన్నది నాన్నతో వెళ్లిపోయిన ఐదేళ్ల పిల్లాడి ముద్దుపేరు. ఇంత గడ్డం వచ్చినవాణ్ణి ఇంకా అలా పిలవొచ్చో లేదో తెలియదు. వద్దంటే మానేస్తాను.

కొత్త సినిమాలో ఏం వేషమని అడిగావు. ఊరంతా ఎరిగిన గాయని. పెద్ద ఇల్లు, పలకరించే దిక్కు లేదు. ఎన్నో ఏళ్లకి కొడుక్కి ఫోన్ చేస్తుంది. కథ వినగానే, "నా సంగతి నీకెవరు చెప్పారు బాబూ?" అన్నాను. దర్శకుడు తెల్లబోయాడు, కుర్రాడు పాపం. పైగా డబ్బింగ్ వద్దట, నా గొంతే కావాలట. ఇన్నేళ్లుగా తెరమీద నాకు వేరే ఆవిడే గొంతిచ్చింది. నా మొహం ఎరగనివాళ్లు లేరు, నా గొంతు ఎరిగినవాళ్లు లేరు.

ఒంటరిగా అనిపిస్తుందా అనీ అడిగావు. అనిపిస్తుంది. కానీ ఈమధ్య దానికంటే కుతూహలమే ఎక్కువైంది. నీలా లిఫ్టు బాగుచేసేవాళ్లు దాని నెత్తిమీద నిలబడి పైకి పోతారటగా, ఆ చీకట్లో ఏం కనిపిస్తుంది? తీగలు మూలుగుతాయా? ఆకలేస్తే ఎక్కడ కూర్చుని తింటావు? నీ గురించి ఏ ప్రశ్న వేసుకున్నా జవాబు తోచదు.

ఇక నువ్వు చివర్న రాసిన సంగతి. ఎవరో ఆవిడ లిఫ్టులో ఇరుక్కుని ఫోన్ చేసిందనీ, చిరునామా చెప్పకుండానే పెట్టేసిందనీ, తిరిగి చేస్తే ఎత్తలేదనీ, ఏమైందోనని నీకు మనసు పీకుతోందనీ.

ఆవిడ క్షేమం, నాన్నా. అది నేనే.

ఆ ఫోన్ సీను ఎన్నిసార్లు తీసినా కుదరలేదు. "అమ్మా, అవతల మనిషి ఉన్నట్టు లేదండీ" అన్నాడు దర్శకుడు. లేడుగా మరి! అతని సహాయకురాలి ఫోన్ అడిగి తీసుకుని, నువ్వు ఉత్తరంలో పెట్టి పంపిన నీ లిఫ్టు పని కార్డు మీది నంబరు నొక్కేశాను. కెమెరా తిరుగుతోంది.

"చెప్పండి, లిఫ్టు ఎక్కడ ఆగింది?" అన్నావు.

రాసిచ్చిన డైలాగు కాస్తా ఎగిరిపోయింది. "మూడో అంతస్తులో" అన్నాను.

"కంగారుపడకండి. తలుపు లాగొద్దు. గాలి ఆడుతుంది, భయం లేదు. పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"అయితే నేను లైన్లోనే ఉంటా. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

ఇంకొక్క మాటంటే అమ్మనని చెప్పేసేదాన్ని. పెట్టేశాను. దర్శకుడు కట్ చెప్పడం మరిచి కళ్లు తుడుచుకుంటున్నాడు. సీను ఓకే అయింది, కానీ నీ మాటలు అందులో లేవు. అవి విన్నది నేనొక్కదాన్నే. ముక్కూమొహం తెలియని మనిషితో అంత నిదానంగా మాట్లాడటం నీకెవరు నేర్పారు? మీ నాన్నయితే కాదు, ఆయనకంత ఓపికెక్కడిది!

ఊరికే నిన్ను హడలగొట్టాను. కోపమొస్తే కోప్పడు.

ఆదివారం పొద్దుటి బండికి మీ ఊరు వస్తున్నాను. మొహానికి రంగుండదు, జుట్టుకీ ఉండదు. పోస్టర్లలోని మనిషి కోసం వెతక్కు. మీ పెళ్లి ఫొటో నా దగ్గరుంది కనక నేనే నిన్ను పోల్చుకుని, దగ్గరికొచ్చి, "నేను మీ అమ్మనండీ" అని పరిచయం చేసుకుంటాను. నవ్వొస్తే ఆపుకోకు. నువ్వెలా నవ్వుతావో చూడాలని ఉంది.

ఇట్లు,
బండెక్కే తొందరలో ఉన్న
మీ అమ్మ