సమాధుల తోటకు మోసిన కడవ

గార్లదిన్నె,
28-5-1966.

ప్రియమైన బయ్యన్నకు,

నీకు పలక మీద అక్షరాలు దిద్దించిన దేవకృపమ్మ టీచరు ప్రభువు పేరట దీవించి వ్రాస్తున్నది. కోలారులో నువ్వూ చెన్నమ్మా కుశలంగా ఉన్నారని, గనిలో పని సాగుతున్నదని తలుస్తాను. ఇక్కడ బడికి సెలవులు. వాన జాడ లేదు. బావి అడుగున ఊరే నీళ్లను ముంతతో తోడి ఇంటికి రెండు కడవల చొప్పున పంచుతున్నారు.

నాయనా, మీ అమ్మ మారెక్క మొన్న బుధవారం తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. జబ్బు సంగతి రెండు కార్డులు వ్రాశాను. జవాబు రాలేదు. ఈ ఎండల్లో నీకోసం ఆగలేక ఆ సాయంత్రమే సమాధి చేశాము. నన్ను క్షమించు.

ఫిబ్రవరిలోనే ఆస్పత్రిలో కడుపులో గడ్డ ఉందని చెప్పారు. అక్కడ ఉండమంటే ఉండలేదు. ఇంటికి వచ్చిన మరునాటి నుంచి సాయంత్రం కాగానే తన రెండు కడవల్లో ఒకటి చంకకు ఎత్తుకొని, నాలుగుచోట్ల ఆగుతూ, సమాధుల తోటకు పోయేది. నీ పాప సమాధి పక్కన చిన్న గట్టు కట్టి, అందులో నీళ్లు పోసి, పైన గోనెపట్ట కప్పి వచ్చేది. ఊళ్లో తాగడానికి నీళ్లు లేవు. చచ్చినవాళ్లకు నీళ్లు వదిలే పాత ఆచారంలోకి మళ్లీ జారిపోయిందేమోనని నాకు భయం వేసింది. వాక్యం వినే మనిషివి, ఇదేం పని అని మందలించాను. ఆమె కడవ దించి కూర్చుని నవ్వింది.

"చచ్చినోళ్లకు కాదమ్మా, తవ్వేటోనికి. నా కొడుకు వస్తాడు, నా గుంత వాడే తవ్వల్ల. బిడ్డకు తవ్విననాడు వాని చేతులు చూసినావు గదా."

చూశాను బయ్యన్నా. మూడేళ్ల కిందట ఆ గరుసు నేలలో నువ్వు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గడ్డపార వేసినా మోకాలి లోతు దిగలేదు. పాపను పడుకోబెట్టి, నక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చావు. అరచేతుల నుంచి నెత్తురు కారుతుంటే గడ్డపార విసిరేసి, "మోకాలి లోతు నేల ఇయ్యని దేవుడు పరలోకం యాడిస్తాడు?" అన్నావు. ఆ మాట అని ఊరు విడిచిపోయావు. మీ అమ్మ మాత్రం ఆ మాటను తప్పు పట్టలేదు. చేతులు నొచ్చి అన్నాడు, చేతులు నొయ్యకుంటే అనడు అనేది.

చదువు రాని మనిషి. ఆకలీ దాహమూ లేని ఆ చోటును గురించి నేను చదివి వినిపిస్తే, అక్కడ బావి దగ్గర వరసలో నిలబడే పని లేదా అని అడిగేది. లేదంటే, అట్లయితే నేను ముందు పోయి నీకూ చోటు చూసి పెడతాలే అని నన్ను ఆటపట్టించేది. ఆ నీళ్లేవో తాగి నాలుగు రోజులు ఎక్కువ బతకమని బతిమాలినప్పుడు ఒకటే మాట అంది. "నేను పోయేది నీళ్లుండే ఊరికి. ఈ నీళ్లతో నాకేం పని?"

నొప్పి వచ్చినప్పుడు చాప అంచు పట్టుకొని మెలికలు తిరిగేది. అది దాచను. కానీ నొప్పి తగ్గగానే అడిగే మొదటి మాట గోనెపట్ట తడిగా ఉందా అనే. చివరి పదకొండు రోజులు లేవలేక, తన కడవ నాకు అప్పగించింది.

బుధవారం నీ బదులు మన ఊరి ఎర్రన్న గుంత తవ్వాడు. పైన జానెడు నేల రాయిలా ఉంది. ముసలివాడి చేతులు బొబ్బలెక్కాయి. నిన్నటిదాకా నీళ్లు పోసిన నేల ఇట్లెందుకు ఎండిందప్పా అని ఆశ్చర్యపోయాడు. ఆ జానెడు పగిలాక అడుగున తడి మట్టి. నడుము లోతు, ఇంకా కిందికి, పలుగు దానంతట అదే దిగింది. తొలకరి వాసన వచ్చింది. నిలబడిన ఆడవాళ్లందరం ఏడ్చాము. పాపకు దొరకని లోతు మీ అమ్మకు దొరికింది.

వీలైతే ఒక్కసారి వచ్చి చూసి పో. చెన్నమ్మకు నా దీవెనలు.

మీ మేలు కోరే,
దేవకృపమ్మ

తా.క.: కవరు అంటించబోయి మళ్లీ విప్పాను. ఆ జానెడు నేలను ఎండబెట్టింది నేను. పదకొండు రోజులూ ఆ కడవను మా గుమ్మం దాటించలేదు. నువ్వు రావని, బతికున్నవాళ్లకే నీళ్లు కావాలని నాకు నేను చెప్పుకొని మా తొట్టిలో పోసుకున్నాను. ఒకరోజు తల కూడా కడుక్కున్నాను. పట్ట తడిగా ఉందా అని అడిగిన ప్రతిసారీ ఉందనే చెప్పాను. వాక్యం చదివింది నేను, నమ్మింది ఆమె. ఆ నీళ్లుండే ఊళ్లో ఆమె ఎదురొచ్చినప్పుడు ఈ సంగతి నేనే చెప్పుకోవాలి. నవ్వుతుందనే నా ధైర్యం. అక్కడిదాకా దాచుకోలేక ముందు నీకు చెబుతున్నాను. కడవ మా ఇంట్లోనే ఉంది. అది నీది, వచ్చి తీసుకుపో.