పొగ రాని రోజు లేదు

బిస్మార్క్, మే 9, 1951

హాల్వర్ అన్నయ్యకు, నా దగ్గు తగ్గింది, వదినను కంగారుపడొద్దని చెప్పు.

మన పొలంలో నిలబెట్టడానికి ముత్తాత పేరు చెక్కుతున్న రాయి పని వెంటనే ఆపించు. నిన్న గ్రంథాలయంలో మన పొలం పట్టా కాగితాలు దొరికాయి. ఐదేళ్లు అక్కడే కాపురమున్నారని పొరుగువాళ్లు ఇద్దరు సాక్ష్యం చెబితేనే కదా అప్పట్లో సర్కారు పట్టా ఇచ్చేది! ముత్తాత రెండు చలికాలాలు రైలు పట్టాల పనికి పోయాడట. మరి పొలంలో ఎవరున్నారని అధికారి అడిగితే, పొరుగాయన నిల్స్ మన ముత్తవ్వ గురించి చెప్పిన జవాబు ఇది: "ఆయన లేకపోతేనేం, ఇంగెబోర్గమ్మ ఉందిగా! పొద్దున్నే లేచి వాళ్ల పొగగొట్టం వంకే చూసేవాణ్ని. పొగ రాని రోజు లేదండీ."

గ్రంథాలయం ముసలామె అది చదివి, "ముత్తాత, ముత్తాత అని వారం నుంచీ నా ప్రాణం తీశావు కదే!" అంది. సిగ్గేసింది నాకు. కాగితాల్లో రాసిన చోటును బట్టి చూస్తే, చిన్నప్పుడు మనం పోటీలు పడి జారిన మట్టిదిబ్బ, మట్టిపెళ్లలతో కట్టి తర్వాత కూలిపోయిన ముత్తవ్వ ఇల్లే అన్నయ్యా.

రాయి మీద ఆవిడ పేరే ముందు చెక్కించు. నా కోళ్లకు గింజలు వేస్తున్నావా? పిల్లలకు ముద్దులు.

ఈ ఏడు ఆ దిబ్బను చదును చేస్తానన్నావు. దాని మీదికి ట్రాక్టరు తోలావంటే నీ గడప తొక్కను.

నీ చెల్లెలు,
సోల్వే