మెడ దగ్గర నిమ్మకాయంత చోటు

చిరంజీవి చెల్లికి అన్నయ్య దీవించి రాయునది.

తల మీద కుట్లు మానాయి. మూర్ఛలు ఆగాయి. మెదడు రెండు సగాల మధ్యనున్న వంతెన కోసేశారు కదా, డాక్టరు అన్నట్టే ఎడమవైపు చూసింది ఎడమ చేతికి తెలుస్తోంది గానీ నోటికి తెలియడం లేదు. కుడిచేత్తో కత్తెర వేస్తుంటే ఎడమది గుడ్డను తన ఇష్టం వచ్చినట్టు లాగుతోంది. అయినా నీ కండక్టరు యూనిఫాం చొక్కా కుట్టి పంపుతున్నాను. ఆసుపత్రిలో వారం రోజులు నా మంచం పక్కన కూర్చున్నావు, ఊరికే పోనిస్తానా?

నీ అన్నయ్య

తా.క. పొద్దున కుడిచెయ్యి గుండీలు పెడుతుంటే ఎడమది వెనకే విప్పుకుంటూ వచ్చింది. మీ వదిన "అచ్చం మన కాపురమే" అంది.

పూజ్యులైన అన్నయ్యకు నమస్కారాలు.

చొక్కా ఒంటికి అద్దినట్టుంది, ఒక్క కాలర్ తప్ప. కుడిపక్కన నిమ్మకాయ పట్టేంత ఖాళీ! మా ఇన్‌స్పెక్టరు పై గుండీ పెట్టుకోక తప్పదంటాడు. పెట్టుకుంటే డ్రైవరు "అందులో టిఫిన్ డబ్బా పెట్టుకో" అంటాడు. వేరేది కుట్టి పంపు.

నీ చెల్లి

తా.క. నేను లావయ్యానని వదినేమైనా చెప్పిందా?

చెల్లికి ఆశీస్సులు.

రెండో చొక్కా పంపాను. కాలర్ ఈసారి ఇంకో వేలెడు ఎక్కువొచ్చింది. ఎడమ చెయ్యి లాగిందని మీ వదిన అంటోంది గానీ, నేనే కావాలని వదిలాను, గాలి ఆడటానికి. పైగా విజిల్ ఊదేవాళ్లకు మెడ ఉబ్బుతుంది. మొన్న డాక్టరు నా ఎడమవైపు ఏదో బొమ్మ పెట్టాడట. ఎడమ చెయ్యి వెళ్లి చీపురు పట్టుకుంది. ఎందుకన్నాడు. "గది దుమ్ముగా ఉంది" అన్నాను. బొమ్మలో ఉన్నవి రాలిన ఆకులట! కారణాలకేం, నా నోట్లో ఎప్పుడూ సిద్ధమే.

ముప్పై ఏళ్ల టైలరుకు కాలర్ నేర్పకు.

నీ అన్నయ్య

తా.క. నీ మాట ఎత్తితే చాలు, ఎడమ చెయ్యి వచ్చి నా మెడ పట్టుకుంటోంది. చెల్లెలంటే ప్రేమ కాబోలు.

అన్నయ్యకు,

రెండో చొక్కా వేసి చూడకుండానే రెండు నెలలు పెట్టెలో పడేసి, చివరికి నీ పరువు తీద్దామనే ఇంకో టైలరు దగ్గరికి వెళ్లాను. అక్కడే దాన్ని తొడుక్కుంటూ "మా అన్నయ్య కుట్టాడు, ఇది కాలరా, గంపా?" అన్నాను. ఆయన టేపు నా మెడకు చుట్టి ఆగిపోయాడు. మళ్లీ చుట్టాడు. "మీ అన్నయ్య కొలత సరిగ్గానే ఉందమ్మా. ఇక్కడ మీరే చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు.

గడ్డ.

ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంకో ఆర్నెల్లు ఆగితే చేసేదేమీ ఉండేది కాదన్నారు. నువ్వు తల కదపకూడదని పైకప్పుకేసి చూస్తూ పడుకున్నప్పుడు వారమంతా నేను నీ ఎడమవైపే కూర్చున్నాను. సరే, గడ్డ సంగతి అప్పుడే నీ ఎడమ చేతికి తెలిసిందనుకుందాం. కానీ ఆ తర్వాత అది ఎంత పెరుగుతుందో దానికెలా తెలిసింది? నాకు భయమేస్తోంది అన్నయ్యా. దానికి నా దండాలు చెప్పు.

నీ చెల్లి

తా.క. ఇప్పుడు కాలర్ వదులైంది. ఈసారి నీకు కాదు, దానికే చెబుతున్నాను.

బంగారుతల్లికి అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఎడమ చెయ్యే కళ్లు తుడిచింది. అయినా నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది, అందుకేగా కాలర్ వదులు పెట్టాను! మీ వదిన నవ్వుతోంది. నవ్వనీ.

మూడో చొక్కా పంపుతున్నాను. గుడ్డ ఎక్కడా లాగలేదు. కాలర్ నీ మెడకు అతికినట్టుంటుంది. ఇక నీకు నూరేళ్లు.

నీ అన్నయ్య

తా.క. చలికాలానికి నేనూ ఒక కోటు కుట్టుకుందామని బల్ల మీద గుడ్డ పరిచాను. ఎడమ చెయ్యి దాన్ని మడిచి అలమారాలో పెట్టేసింది. మూడుసార్లు పరిచాను, మూడుసార్లూ అంతే. మీ వదిన నవ్వడం మానేసింది. పాత కోటు ఇంకా గట్టిగానే ఉంది కదా, గుడ్డ ఆదా చేస్తోంది కాబోలు.