అందరికీ ఒకే పాస్‌వర్డ్

చేవెళ్ల,
బుధవారం.

తమ్ముడు మల్లేశ్‌కు అక్క దీవెనలు. ఇక్కడ క్షేమం. "అందరం" అని రాద్దామంటే ఈ కిరాయి గదిలో నేనొక్కదాన్నే. అక్కడ షోలాపూర్‌లో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను.

ఫోన్ చేయొద్దన్నావు, చేయను. నీ ఉత్తరంలో నా మోకాలి సంగతి అడిగావు. కాలేజీకి పోయే మొయినాబాద్ బస్సులో సీటు దొరికితే బాగానే ఉంటుంది, దొరకనినాడు చుక్కలు కనిపిస్తాయి. కాలేజీ వైఫై ఇప్పుడెవరు చూస్తున్నారనీ అడిగావు. నీ జాగాలో సింధుజ అనే అమ్మాయి వచ్చింది. మంచిదే పాపం, కానీ నీ కుర్చీలో ఆమెను చూస్తే నాకు అన్నం సహించదు.

మునుపటిలా స్టాఫ్ అందరికీ ఒకే పాస్‌వర్డ్ లేదు. ఎవరి పేరు వారిది, ఎవరి పాస్‌వర్డ్ వారిది. సర్వర్ పోల్చుకున్నాకే లోపలికి రానిస్తుందట. మెస్‌లో వండేవాళ్లం, ఈసారి మాకూ ఇచ్చారు. రోజంతా "అమ్మా, జర సాంబారు" అనేవాళ్లే. నా పేరు అడిగేది ఆ ఫోనొక్కటే.

సోమవారం సింధుజ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "పాత పద్ధతిల అందరిది ఒకటే తాళంచెవి అమ్మా. ఎవరు ఏం చేసిన్రో ఎట్ల తెలుస్తది? గిప్పుడైతే పేరుతోటి రికార్డుల పడ్తది." ఆ మాట వినగానే నాకు నీ సంగతే గుర్తొచ్చింది.

మల్లేశ్, పరీక్ష పేపరు స్టాఫ్ వైఫై నుంచి బయటికి పోయిందని ప్రిన్సిపాల్ నిన్ను నిలదీసిన రోజు, "పాస్‌వర్డ్ ఎవ్వరికి చెప్పలే సార్, మా అక్క మీద ఒట్టు" అన్నావు. నేను టీ గ్లాసులు పట్టుకొని అక్కడే నిలబడ్డాను. ఖాళీ దొరికితే పాటలు వినమని ఆ పాస్‌వర్డ్ మెస్‌లో నాకొక్కదానికే చెప్పావు. నా పేరు రాకూడదని నా మీదే దొంగ ఒట్టు వేశావు.

నీకు తెలియనిది ఒకటుంది. పిల్లలు "నెట్ లేదమ్మా" అని బతిమాలితే, ఆ పాస్‌వర్డ్‌ను మెనూ బోర్డు మీద పప్పుచారు కింద సుద్దముక్కతో రాసింది నేనే. గొడవ మొదలవగానే తడిగుడ్డతో తుడిచేసిందీ నేనే. నోరు తెరిస్తే నా పని పోతుందని భయపడ్డాను. నీది పోయింది. ఎంత పాపిష్టిదాన్నిరా నేను!

ఇవాళ ప్రిన్సిపాల్ గదికి వెళ్లి అంతా చెప్పి, రాసి సంతకం పెట్టాను. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు. నీ మీది మచ్చ ఫైలులోంచి తీసేస్తామన్నారు. నిన్ను మళ్లీ పిలుస్తారో లేదో చెప్పలేదు.

నువ్వు ఇక నా మొహం చూడనన్నా న్యాయమే. తిట్టాలనిపిస్తే మాత్రం ఫోన్ చేసి తిట్టు. ఉత్తరంలో వద్దు, నీ గొంతు వినాలి.

ఇట్లు,
నీ అక్క
బాలనర్సమ్మ