తువ్వాల కప్పిన సైకిల్

మణుగూరు

బావగారికి,

మీరు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ ఆదివారం అడవి దారిలో నా ఎలక్ట్రిక్ సైకిల్ చైన్ ఊడితే మీరు ఆగలేదు. "వేరే కంపెనీ బండ్లు గట్లనే ఉంటయ్. మాదానికైతే వారంటీ ఉంది" అనుకుంటూ పోయారు. నేను చైన్ వేసుకుని వచ్చేసరికి, వాగు దాటిన చోట మీ మోటారు ఆగిపోయి ఉంది.

దారిలో ఆగడం మర్యాద కదా, నేను ఆగాను. మోకాలు నొప్పి అన్నారని నా సైకిల్ మీకిచ్చి, మీది మా ఇంటిదాకా తోసుకొచ్చాను. కొత్తగూడెంలో మీ కంపెనీ సైకిళ్లు తొక్కే మీ దోస్తులు చూస్తారని, నా సైకిల్ మీది కంపెనీ పేరు కనపడకుండా తువ్వాల చుట్టారని తర్వాత తెలిసింది.

మీ సైకిల్ కంపెనీ మనిషి మా ఇంటికి వచ్చి, "నీళ్లల్లకి దింపిండ్రా?" అని అడిగాడు. నీళ్లలో తడిస్తే వారంటీ వర్తించదట. "మా బావ ఏదైనా పైలంగ చూసుకుంటడు" అని మాత్రం అన్నాను. ఏమనుకున్నాడో, వారంటీలో మోటారు మార్చి ఇచ్చాడు.

మీ సైకిల్ బాగానే ఉంది. వచ్చి తీసుకెళ్లండి, నాది తెచ్చివ్వండి. తొందరేం లేదని మొహమాటానికి కూడా అనను. ఎందుకంటే నిన్న అక్క చెప్పింది, ఆ తువ్వాలతో మీరిప్పుడు చెమట మాత్రమే తుడుచుకుంటున్నారట.

మీ బామ్మర్ది