గడ్డకి పెట్టిన వాత

రత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను. నవ్వితే నవ్వుకో.

నీ చెల్లెలు సీతాలుకి కూడా రొమ్ములో గడ్డ లేచింది. నిన్ను తీసుకెళ్ళని బందరు డాక్టరు దగ్గరికి దాన్ని తీసుకెళ్ళాం. రాచపుండే, ఆపరేషను చెయ్యాలన్నాడు. దాని మొగుడు భయపడి, "ఈలోగా ఓ వాత పెట్టిస్తామండీ" అన్నాడు.

డాక్టరు కేకలేశాడు. "గడ్డొక్కటే కాదయ్యా, దాని చుట్టూ ఉన్న కండని కూడా చూడాలి. కొంతవరకు ఆ కండే దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. కాల్చి పుండు చేస్తే, గడ్డ పాకడానికి అదే దారి వదిలేస్తుంది."

నాకు వెంటనే బోధపడింది. ఉప్పునీటి కయ్య పక్కన మన చేను బతికేది ఆ నీళ్ళని ఆపే గట్టు వల్లేగా. నీకు నేను పెట్టిన వాత సంగతి చెప్పి, "మా ఆవిడకీ అలాగే అయిందా?" అని అడిగాను.

"చెప్పలేనండీ" అని తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక సీతాలు మొగుడు వాత కోసమని కొడవలి పొయ్యిలో పెట్టాడు. "వదినకి పెట్టింది నువ్వేగా అన్నయ్యా. చెయ్యి తిరిగినవాడివి, దీనికీ నువ్వే పెట్టు" అన్నాడు.

తప్పు ఒప్పుకోవడం నా ఒంట్లో లేదని నీకు తెలుసు. అయినా అందరి ముందూ చెప్పాను. "పెట్టనురా. మీ వదినకి గట్టు తెంపింది నేనే."

సీతాలే లేచి కొడవలి నీళ్ళలో పడేసింది. రేపు ఆసుపత్రిలో చేరుతుంది.

ఆ రోజు నీకు వాత పెట్టి, తగ్గిందా అని అడిగాను. తగ్గిందన్నావు. నా మొహం చూసి అలా అన్నావని ఇప్పటికి తెలిసింది.