‘వేయను’ అన్నందుకు సంజాయిషీ

గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి,

కీటక శాస్త్ర విభాగంలో ప్రొబేషన్‌పై ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ సవినయంగా సమర్పించుకునే సంజాయిషీ.

గత నెల రైతు మేళాలో మన విశ్వవిద్యాలయం వారి కొత్త మిరప రకాన్ని కించపరిచానని, నన్ను ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో తెలపమని తమరు మెమో ఇచ్చారు. జరిగింది ఇది. పర్చూరు రైతు లక్ష్మీదుర్గ గారు, "సారూ, మీకే చేనుంటే ఈ విత్తనం వేస్తారా?" అని అడిగారు. "వేయనండీ. రెండేళ్లు పరీక్షించాను, నల్ల తామర పురుగు దీన్నీ వదల్లేదు" అన్నాను. "మరి మమ్మల్ని బస్సెక్కించి ఎందుకు తీసుకొచ్చారయ్యా?" అన్నారావిడ. అది మా విభాగం పరిధిలోని ప్రశ్న కాదు.

అధ్యాపకుడు తన పరిశోధనలో తేలినది స్వేచ్ఛగా, బాధ్యతగా చెప్పవచ్చునని నిబంధన ఉంది. బాధ్యత ఎవరిపట్లో అందులో రాయలేదు. అందుకే నా సందేహం. నిరుడు జూలైలో తమరు ఫోన్ చేసి, "ఏమయ్యా, మన రకం మా చేలో వేయమంటావా?" అని అడిగారు. వద్దన్నాను. తమరు పత్తి వేశారు. అప్పుడు మెమో రాలేదు.

మళ్లీ నారు పోసే అదను వచ్చింది. ఈ ఉదయం లక్ష్మీదుర్గ గారి నుంచి ఒకటి, తమరి నుంచి ఒకటి మిస్డ్ కాల్స్ వచ్చాయి. ఆవిడకు జవాబు చెప్పేశాను. తమరికీ అదే జవాబు చెబితే నేరం పునరావృతమవుతుందేమోనని, తమరి కాల్ మాత్రం ఈ సంజాయిషీపై నిర్ణయం వెలువడే వరకు పెండింగులో ఉంచాను.

విధేయుడు,
సదరు అసిస్టెంట్ ప్రొఫెసర్